అసీర్తికోకు తగిన చేప

మా కార్యాలయంలో గ్రీకు వైను తాగినవాడు ఒక్కడూ లేడు. అయినా దాన్ని ఏ చేపతో తాగాలో మాలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నేనైతే ఆ జాబితాని పదకొండుసార్లు టైపు చేశాను. కాల్చిన చేప, రొయ్యలు, నిమ్మకాయ పిండిన పీత, ఉప్పటి జున్ను, ఆపైన ఎనిమిది కాళ్ల సముద్రపు జీవి ఒకటి. ఆ చివరిది మా జిల్లాలో ఎన్ని ఉన్నాయో లెక్క పంపమని పైనుంచి తాఖీదు కూడా వచ్చింది. 'నిల్' అని రాసి పంపాం. ఏది అడిగినా ముందు నిల్ అని రాయడం మా శాఖలో ఆరోగ్యకరమైన అలవాటు.

నా పేరు సన్యాసిరావు. రాష్ట్ర పానీయ మండలివారి రేవుపాలెం జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. రాష్ట్రంలో ఎవరు ఏ మత్తు పానీయం తాగినా మా మండలి ముద్ర పడిన సీసాలోంచే తాగాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ ముద్రల వ్యవహారం చూస్తున్నాను. పని మీద వచ్చినవాళ్లకి "రేపు రండి" అని చెప్పే బాధ్యత కూడా నాదే.

కిందటేడు మా చైర్మన్‌గారు పానీయ అధ్యయనం నిమిత్తం గ్రీసు దేశం వెళ్లొచ్చారు. అక్కడ ఒక ద్వీపంలో సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి, చేప కాల్చి పెట్టి, పక్కన ఒక గ్లాసు తెల్ల వైను పోశారట. పేరు అసీర్తికో. నిప్పుకొండ బూడిదలో పెరిగిన ద్రాక్షట. నాలుక మీద ముందు నిమ్మపులుపు, వెనకాలే సముద్రపు ఉప్పదనం తగులుతాయట. చైర్మన్‌గారు పరవశులై అక్కడికక్కడే ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. మనకీ సముద్రం ఉంది, మనకీ చేపలున్నాయి, లేనిదల్లా ఆ వైనొక్కటే అన్నది వారి వాదన. ఆ వాదనలో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు.

చిక్కు లేబులు దగ్గర వచ్చింది. మా చట్టం ప్రకారం సీసా లేబులు మీద అచ్చయిన ప్రతి మాటా అమ్మకపు షరతే. ఇన్నేళ్లూ మన సీసాల మీద ఆరోగ్యానికి హానికరం అన్న హెచ్చరిక తప్ప చదవదగ్గది ఏమీ ఉండేది కాదు గనక ఎవరికీ ఇబ్బంది రాలేదు. గ్రీకులు తిండి మీద ప్రేమ ఉన్నవాళ్లు. సీసా వెనక "కాల్చిన చేపతోనూ, రొయ్యలతోనూ, నిమ్మరసం పిండిన సముద్రపు వంటకాలతోనూ, ఉప్పటి జున్నుతోనూ వడ్డించండి" అని వేసుకున్నారు. మా ప్రధాన కార్యాలయం ఆ వాక్యాన్ని తెలుగు చేయించి ఉత్తర్వుల్లో కలిపింది. ఆ రోజు నుంచి చేప లేకుండా అసీర్తికో అమ్మడం శిక్షార్హమైంది.

సముద్రం ఉన్న జిల్లా కాబట్టి మాకు ఐదువందల సీసాలు కేటాయించారు. మా దుకాణాల్లో సీసాలుంటాయి గాని పెనాలుండవు. అందుచేత మూడు నెలల్లో ఒక్క సీసా కూడా కదల్లేదు. సరుకు మొత్తం మా ఆఫీసు వెనకున్న రేకుల షెడ్డులో పెట్టాం. చల్లని చోట ఉంచాలన్న మాట కూడా లేబులు మీద ఉంది గనక ఆ షెడ్డుకి 'శీతల గిడ్డంగి' అని బోర్డు కట్టించాం. మే నెల వచ్చింది. లోపలికి వెళ్లినవాళ్లు చొక్కా విప్పి బయటికొచ్చేవారు.

సీసాల్లో ఉన్నది వైనేనా అని ఆడిటులో ఒక ప్రశ్న వచ్చింది. మా జిల్లా డైరెక్టరు కమలాకరంగారు పద్ధతి గల మనిషి. ఐదువందల సీసాలకీ బిరడాలు తీయించి, లోపల ద్రవపదార్థం ఉన్నట్టు స్వయంగా చూసి నిర్ధారించి, మళ్లీ బిరడాలు బిగించి లక్కముద్ర వేయించారు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి మద్యం నాలుకకి తగిలించకూడదన్న నియమం ఉంది కాబట్టి ఎవరూ రుచి చూడలేదు. రిజిస్టరులో ఎదురుగా 'ద్రవము' అని రాశాం.

ఆ తర్వాత ప్రధాన కార్యాలయం, ప్రతి జిల్లాలోనూ ఈ వైనుకు తగిన ఆహారం ఎక్కడ దొరుకుతుందో గుర్తించి నివేదించాలని అడిగింది. ఆ నివేదిక రాసింది నేనే. ఈ కథలో నా ఘనత అదే.

మా ఆఫీసు ఎదురుగా రోడ్డుకి అవతల నూకరత్నం పాక హోటలుంది. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది. మనిషికి యాభై దాటాయి. మొగుడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని ఏడాది ఆ పాక వేసుకుంది. అదే ఆమెకీ, కొడుకు కోడళ్లకీ కూడు పెడుతోంది. తెల్లారేసరికి రేవుకెళ్లి చేప తెచ్చుకుని, మధ్యాహ్నానికి వంజరం వేపుడు, నెత్తళ్ల వేపుడు, పీతల ఇగురు సిద్ధం చేస్తుంది. వంజరం ముక్కకి ఆమె పట్టించే మసాలా ఏమిటో నాకు తెలియదు. పెనం మీద అది మాడకుండా ఎర్రబడే క్షణం ఆమెకి ఎలా తెలుస్తుందో కూడా తెలియదు. నేను మాత్రం ఇరవై రెండేళ్ల కిందటే ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకోవడం మానేశాను.

మంచికి పోతే చెడు ఎదురైందంటారు. "సదరు నూకరత్నం హోటలునందు లభించు వంజరం వేపుడు, పై సూచికలోని వైనునకు మిక్కిలి అనుకూలముగా నున్నదని నివేదించడమైనది" అని రాశాను. నేను వైను రుచి చూడలేదు. చేప రుచి చూశాను. ఆ చేప ముందు ఏది పెట్టినా అనుకూలంగానే ఉంటుంది. ఆమె 'ప్రభుత్వ ఆమోదం పొందినది' అని బోర్డు కట్టుకుంటుంది, నాలుగు ప్లేట్లు ఎక్కువ పోతాయి, నాకు తోక ముక్క బదులు నడుం ముక్క పడుతుంది, అంతకు మించి నేనేం ఆలోచించలేదు. సంతోషం పట్టలేక ఆ మధ్యాహ్నమే ఆమెతో, నీ చేప పేరు రాజధానికి వెళ్లిందని చెప్పాను. ఆమె నవ్వి ఒక పీత అదనంగా వేసింది.

నెల తిరక్కుండా రాజధాని నుంచి స్పష్టీకరణ వచ్చింది. దాన్ని కమలాకరంగారు నిలబడి చదివారు.

"వైనునకు అనుకూలమని ధ్రువపడిన ఆహారము సదరు వైనునకు అంగమగును. అంగము అంగికి లోబడియుండవలెను. కావున పానీయమునకు వర్తించు సకల నిబంధనలును ఆహారమునకు సైతము వర్తించునని ఇందుమూలముగా స్పష్టీకరించడమైనది."

చదివి, కాయితం మడిచి, ఇంత లోతైన ఉత్తర్వు తన సర్వీసులో చూడలేదన్నారు. అమలు బాధ్యత నాకు అప్పగించారు.

అమలంటే మద్యం నియమావళిలో 'సీసా' అని ఉన్నచోట 'ముక్క' అని చదువుకోవడమే. నూకరత్నం చేప ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారికే అమ్మాలి. వయసు ధ్రువపత్రం చూడాలి. గాంధీ జయంతినాడు, పోలింగు రోజున పెనం వెలిగించకూడదు. ప్రతి ముక్కకీ మండలివారి మెరుపు స్టిక్కరు అంటించాలి. నూనె కారే ముక్కకి స్టిక్కరు అంటదని మేం విన్నవించుకుంటే పుల్లకి అంటించి ముక్కకి గుచ్చమన్నారు. ఒక మనిషి ఇంట్లో మూడు ముక్కలకి మించి నిల్వ ఉంచుకోరాదు. అప్పటికే తాగి ఉన్నవాడికి మద్యం అమ్మకూడదన్న నియమం ఒకటుంది. దాని ప్రకారం అప్పటికే తిని ఉన్నవాడికి చేప అమ్మకూడదు. అందుకని రెండో ముక్క అడిగినవాణ్ని పంపించేయాలి.

నూకరత్నం ఇదంతా విని నన్నే చూసింది.

"ఏటి బాబూ, నాను సేప అమ్ముతున్నానా, సారా అమ్ముతున్నానా?"

చట్టం దృష్టిలో ఆ తేడా ప్రస్తుతానికి నిలుపుదలలో ఉందని చెప్పాను.

అయినా ఆమె ప్రయత్నించింది. పుల్లలు తెచ్చింది, స్టిక్కర్లు గుచ్చింది. బడి నుంచి ఇంటికి పోతూ నాలుగు నెత్తళ్లు కొనుక్కునే ఏడో తరగతి పిల్లని వెనక్కి పంపింది. వీధి చివర పోలమ్మవ్వకి ఎనభై ఏళ్లు. నోట్లో పళ్లు లేవు, చేతిలో కాయితం లేదు. ఇరవై ఒకటి నిండాయని నిరూపించుకోలేక ఆమె కూడా గిన్నెతో తిరిగి వెళ్లిపోయింది. రేవు కూలీలు ఒకసారి మా ఇన్‌స్పెక్టరు ఊదుడు యంత్రం పట్టుకుని, ఎంతమంది భోంచేసి వచ్చారో చూడ్డానికి గుమ్మంలో నిలబడ్డాక, మళ్లీ ఆ దరికి రాలేదు. మధ్యాహ్నం నలభై మంది కూచునే బల్లల మీద నలుగురు మిగిలారు. ఆ నలుగురం మా ఆఫీసువాళ్లమే.

ఆమె మా మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొదటిసారి డైరెక్టరుగారు మీటింగులో ఉన్నారు, రేపు రమ్మన్నాను. రెండోసారి ఫైలు కిందికి దిగలేదు, రేపు రమ్మన్నాను. మూడోసారి వచ్చినప్పుడు కారణం కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ మధ్యాహ్నం నాకు నడుం ముక్కే వేసింది. నేను తిన్నాను కూడా.

బయటపడే దారి ఒక్కటే ఉందని నియమావళంతా తిరగేసి నేనే కనిపెట్టాను. తన చేప ఆ వైనుకు తగదని అననుకూల ధ్రువపత్రం తెచ్చుకుంటే ఆమె మా చేతిలోంచి జారిపోతుంది. అందుకో రుచి నిర్ధారణ సంఘం కావాలి. కమలాకరంగారు ఉత్సాహంగా సంఘం వేశారు. చేప కూడా ప్రాణే గనక పశువైద్యాధికారి అధ్యక్షుడు. వంట శాస్త్రం చెప్పే హోంసైన్సు లెక్చరరు తాయారమ్మగారు సభ్యురాలు. ఆవిడ శుద్ధ శాకాహారి, అందుచేత ఆవిడ అభిప్రాయం పక్షపాతం లేకుండా ఉంటుందన్నారు. నేను కార్యదర్శిని.

విధిలో ఉండగా ముగ్గురిలో ఎవరూ వైను ముట్టకూడదు. ఆ చిక్కుని డైరెక్టరుగారే విప్పారు. చేప పక్కన గ్లాసుతో మంచినీళ్లు పెట్టుకుని, లేబులు చదువుతూ, ఆ నీళ్లని వైనుగా భావించాలి. దానికి 'భావిత వైను' అని పేరు పెట్టి ఫైల్లో నిర్వచనం కూడా రాయించారు.

ముందురోజు నేను పాకకి వెళ్లి నూకరత్నానికి రహస్యంగా చెప్పాను. చేప బాగుంటే కొంప మునుగుతుంది, అందుచేత ఎలాగైనా చెడగొట్టమన్నాను. ఆమె పెనం గీకుతూనే నా వైపు తిరిగింది.

"పెళ్లైన కాణ్నించీ సేత్తన్నాను బాబూ. సెడగొట్టడం రాదు నాకు."

రాకపోయినా నేర్చుకోమన్నాను. ఇలాంటి సలహాలు ఇవ్వడం మాకు తేలిక.

మొదటి పరీక్షకి కారం రెట్టింపు వేసింది. పశువైద్యాధికారి కళ్లు తుడుచుకుంటూ మూడు ముక్కలు తిన్నారు, ప్రతి ముక్కకీ భావిత వైను గటగటా తాగారు. కారానికి పానీయం అత్యవసరమని తేలింది గనక మిక్కిలి అనుకూలమని రాయించారు. రెండోసారి ఉప్పు గుప్పించింది. వైనులో సముద్రపు ఉప్పదనం ఉందని లేబులే చెబుతోంది, ఉప్పుకి ఉప్పు తోడు అన్నారు తాయారమ్మగారు, ముక్కు మీంచి పమిట తీయకుండానే. అదీ అనుకూలమే. మూడోసారి ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్లలో ఉడకబెట్టి పెట్టింది. అది మోసుకొచ్చేటప్పుడు ఆమె ముఖం నేను చూళ్లేకపోయాను. ఇంటికి వచ్చిన చుట్టానికి పాచి అన్నం పెట్టాల్సి వచ్చినట్టు తల దించుకుంది. అధ్యక్షుడు అది కూడా తిని, విదేశాల్లో ఇలాగే తింటారని, ఇది అన్నిటికంటే అనుకూలమని తేల్చారు. ఇంటికి నాలుగు ముక్కలు కట్టించుకున్నారు. మూడుకి మించి నిల్వ ఉంచరాదన్న సంగతి నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. నాలుగోది జీపులోనే తినేశారు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆమె లైసెన్సు లేకుండా అంగం అమ్ముతోందని ఇన్‌స్పెక్టరు కేసు రాశాడు. లైసెన్సుకి పక్కా భవనం ఉండాలి. ఆమెది తాటాకు పాక. నెలాఖరులోగా తేలకపోతే పాకకి తాళం వేస్తామని నోటీసిచ్చాడు.

అప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది. ఆ రాత్రి కూచుని పొడుగాటి నోటు రాశాను. భావిత వైనుతో చేసిన పరీక్ష చట్టం ముందు నిలవదు, అసలు వైనుతోనే చేయాలి, ఉద్యోగులు తాగకూడదు గనక ఉద్యోగి కాని పౌరుడొకరు తాగి చెప్పాలి, ఆ పౌరుడికి చేప రుచి క్షుణ్ణంగా తెలిసి ఉండాలి అని రాశాను. ఊళ్లో అలాంటి పౌరుడు ఒక్కరే ఉన్నారు. కమలాకరంగారు చదివి, ముద్దాయినే సాక్షిగా పిలవడం న్యాయశాస్త్రంలో నూతన ఒరవడి అవుతుందని సంబరపడి సంతకం చేశారు.

నాలుగో పరీక్ష మా ఆఫీసు హాల్లో జరిగింది. శీతల గిడ్డంగి నుంచి సీసా తెచ్చారు. లక్క పగలగొట్టి బిరడా తీశారు. నూకరత్నం తన పళ్లెంలో వంజరం ముక్క పెట్టుకొచ్చింది. ఈసారి చెడగొట్టలేదు. ఎప్పటిలాగే వేపింది. ఇంక సెడగొట్టి ఒరిగేదేటని కోడలితో అందట. గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుంది. ఒక చుక్క వేలితో నాలుక మీద వేసుకుంది. గ్లాసు కింద పెట్టేసింది.

"ఇది పులిసిపోయింది బాబూ. నాలుగు దినాల కల్లు నయం. సేప నీసు కడగడానికైతే పనికొత్తది, తాగడానికి కాదు."

 ఇంకో సీసా తెప్పించారు, ఇంకో పది తెప్పించారు. వాసన అందరికీ తెలుస్తూనే ఉంది. తెరిచి మూసిన బిరడాలు, మే నెల రేకులు, మా పద్ధతి, అన్నీ కలిసి ఐదువందల సీసాల అసీర్తికోనీ వెనిగరు చేశాయి. అది ఫైల్లో రాయలేం గనక 'ద్రవము స్వభావరీత్యా పరిణామము చెందినది' అని రాశాం. నేను మాత్రం లోలోపల గెంతాను. వైనే లేకపోతే దానికి తగిన చేప ఎక్కడిది? మెట్లు దిగుతున్న నూకరత్నంతో, నీ పీడ విరగడైంది పో అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుంది. మధ్యాహ్నం పళ్లెంలో ఉన్న ఆ వంజరం ముక్క నాకే పెట్టింది. అలాంటి ముక్క నేను మళ్లీ తినలేదు.

రాజధాని నుంచి పదిహేను రోజుల్లో జవాబొచ్చింది. సీసాలు పారబోయమన్నారు. రెండో పేరా ఇలా ఉంది.

"అంగి నశించినను అంగము నశించినట్లు భావింపరాదు. నూతన సరుకు వచ్చువరకు సదరు ఆహారము మండలి అధీనములోనే యుండును. అయితే ప్రస్తుతము వైను లభ్యత లేనందున, వైను లేకుండా అంగమును విడిగా విక్రయించుట పూర్తిగా నిషేధించడమైనది."

కమలాకరంగారు ఊళ్లో లేరు. వైను ఎందుకు పులిసిందో విచారించడానికి చైర్మన్‌గారి బృందంతో గ్రీసు వెళ్లారు. డైరెక్టరు తరఫున సంతకం పెట్టే అధికారం నాది. పెట్టకపోవచ్చు. సెలవు పెట్టొచ్చు, ఫైలు ఇంకో నెల తొక్కిపెట్టొచ్చు. ఇరవై ఆరేళ్లు ఎన్నో ఫైళ్లు తొక్కిపెట్టిన చెయ్యి అది. రిటైరుమెంటుకి నాలుగేళ్లుంది. సంతకం పెట్టాను. నోటీసు అంటించడానికి ఇన్‌స్పెక్టర్ని పంపి, ఆ పూట నేను వెనక గుమ్మంలోంచి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు పాకకి తాళం ఉంది. వారం పోయాక పాకే లేదు. బల్లలు ఎవరో కొనుక్కుపోయారు.

పచ్చి చేప మీద మండలికి అధికారం లేదు. లేబులు మీద కాల్చిన చేప అనే ఉంది. అందుకని నూకరత్నం రేవు ఒడ్డున తట్ట పెట్టుకుని పచ్చి చేపలు అమ్ముతోందని తెలిసింది. నెల రోజులు క్యారేజీలో పెరుగన్నం తిన్నాక ఒక ఉదయం సంచీ పట్టుకుని వెళ్లాను. తట్ట ముందు ఏడెనిమిది మందున్నారు. బడిపిల్ల ఉంది, గిన్నె పట్టుకుని పోలమ్మవ్వ ఉంది. ఎవరినీ ఏమీ అడక్కుండా తూచి వేస్తోంది. నా వంతు వచ్చింది. వంజరం ఒకటి చూపించాను.

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"వయసు కాయితం తెచ్చారా బాబూ?"

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. ఆమెకి చదువు రాదు గాని నోటీసు కింద సంతకం ఎవరిదో కోడలు చదివి చెప్పిందని తర్వాత తెలిసింది. వెనక నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. జేబులోంచి నా గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. ఆమె నీసు చేతులతోనే అందుకుంది. మా ఇన్‌స్పెక్టర్లు చూసినట్టే ముందూ వెనకా తిప్పి చూసింది. ఎండకేసి పట్టి చూసింది. నాకు తిరిగిచ్చేసి, నా వెనకున్నామె చేతిలోంచి గిన్నె అందుకుంది.

"రేపు రండి," అంది.

ఇరవై ఆరేళ్లుగా నేను ఎంతమందికి ఆ మాట చెప్పానో నాకు గుర్తులేదు. ఖాళీ సంచీతో ఆఫీసుకి వచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లి వరసలో నిలబడ్డాను.